దుల్హా దుల్హన్‌ని దారి తప్పనివ్వండి

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. మూడేళ్ళ కింద నేనే ఇక్కడ రాశాను, హనీమూన్ మనది కాని రస్మ్ అని, అంగ్రేజోళ్ళ నకల్ అని, షాదీ ఖర్చుల మీద ఇంకో ఫుజూల్ ఖర్చీ అని. చాలామంది బుజుర్గులు ఫోన్ చేసి ముబారక్ చెప్పారు. ఆ ముబారక్‌లన్నీ ఇప్పుడు వాపస్ ఇచ్చేస్తున్నాను.

మా చెల్లెలి కూతురి షాదీ ఏప్రిల్‌లో జరిగింది. మాది కర్నూలు, చెల్లెలిది నంద్యాల, అబ్బాయివాళ్ళది హైదరాబాద్ టోలీచౌకీ. వలీమాకు వెయ్యీ రెండొందల మంది. మరగ్, బిర్యానీ, రెండు రకాల కబాబులు, ఖుబానీ కా మీఠా, డబుల్ కా మీఠా. మర్నాడు పొద్దున ఫంక్షన్ హాలు వెనక డ్రమ్ముల్లో ఎంత అన్నం ఉందో నా కళ్ళతో చూశాను. అప్పుడు ఎవరి నోటా ఇస్రాఫ్ అన్న మాట రాలేదు. నెల తిరగకముందే దుల్హా దుల్హన్ ఇద్దరూ తమ జీతాల డబ్బుతో ఆరు రోజులు సరాయేవో పోతున్నారని తెలియగానే, అందరికీ ఆ మాట ఒక్కసారిగా యాద్ వచ్చింది.

"జుమాగీలు ఇంకా మూడు మిగిలున్నాయి, అవి కానియ్యండి" అన్నారు ఒకరు. "అంత డబ్బుంటే ఉమ్రాకు పోవచ్చుగా" అంది మా పెద్దాపా. ఈ రెండో మాటకు మన ఇళ్ళల్లో ఎవరూ జవాబు చెప్పలేరు. నేను చెప్తాను. ఉమ్రా ఇబాదత్. అల్లాహ్ ఇంటికి పోయేవాడు అల్లాహ్ కోసం పోవాలి, కొత్త పెళ్ళాంతో నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి సాకుగా కాదు. పైగా మన ఉమ్రా ఎట్లా ఉంటుందో మనకు తెలీదా? నలభై మంది గ్రూపు, ఆడవాళ్ళకు ఒక గది, మగవాళ్ళకు ఒక గది, దుల్హన్ సాస్‌తో, దుల్హా సస్రాతో.

సరాయేవో అని వినగానే నాకు మాత్రం గుండె ఝల్లుమంది. 1992లో బోస్నియా జంగ్ మొదలైనప్పుడు నేను ఉర్దూ మీడియం స్కూల్లో ఉన్నాను. మా ఉస్తాద్ రోజూ ఉర్దూ అఖ్బార్ తెచ్చి క్లాసులో చదివించేవారు. గ్లోబు మీద ఎక్కడుందో చూపించలేని ఊరి కోసం జుమా నమాజ్ తర్వాత చేతులెత్తి దువా చేసేవాళ్ళం. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు, నాలుగేళ్ళకు కాస్త తక్కువ, ఆ ఊరిని చుట్టూ కొండల మీంచి ముట్టడించారు. ఆధునిక యుద్ధాల్లో ఒక రాజధాని అంతకాలం ముట్టడిలో ఉండటం ఇంకెక్కడా లేదంటారు. 20 ఏళ్ళు నిండిన రోజు, 2012 ఏప్రిల్ 6న, పెద్ద వీధి పొడుగునా 11,541 ఖాళీ ఎర్ర కుర్చీలు వేశారు, చనిపోయినవాళ్ళ లెక్క చొప్పున. ఆ తస్వీర్ ఇప్పటికీ నా దగ్గరుంది.

అందుకని నేను చేసిన పని ఏంటంటే, ఆ పిల్లలిద్దరికీ వాట్సాప్‌లో ఒక ఫెహ్రిస్త్ పంపాను. పద్నాలుగు జాగాలు. విమానాశ్రయం కింద తవ్విన సొరంగం. 1992 ఆగస్టులో లక్షల కితాబులతో సహా తగలబడి, 2014లో మళ్ళీ తెరిచిన వియెచ్నిత్సా భవనం. అలియా ఇజత్‌బెగోవిచ్ ఖబర్. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు మీద కాల్పులు జరిగిన లాటిన్ వంతెన. రొట్టెల కోసం వరుసలో నిలబడ్డవాళ్ళ మీద 1992 మేలో షెల్ పడిన ఫెర్హాదియా వీధి. "మొదటి రోజే సగం అయిపోవాలి" అని కింద రాశాను కూడా. హనీమూన్‌కు పోయే పిల్లలకు జనాజాల జాబితా ఇచ్చిన మామూ ఇంకెవరైనా ఉంటారా అని మా బేగం అడిగింది. నేను పట్టించుకోలేదు.

తిరిగొచ్చాక సలాం చేయడానికి మా ఇంటికి వచ్చారు. దస్తర్‌ఖాన్ ఎత్తకముందే అడిగాను, మొదటి రోజు ఎన్ని చూశారని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

"ఏక్ బీ నై, మామూజాన్" అంది మా భాంజీ. ఒక్కటీ చూడలేదట.

ఆ రోజు ఏం జరిగిందో వాళ్ళు చెప్పినట్టే రాస్తున్నాను. ఇద్దరి ఇజాజత్ తీసుకున్నాను. పేర్లు రాయనని మాటిచ్చాను.

ముందురోజు రాత్రి దుబాయ్ మీదుగా దిగారు. బస కొండవాలు మీది ఒక మహలాలో. అవును, అక్కడ కూడా మహలాయే. పొద్దున రాళ్ళు పరిచిన సందులోంచి కిందికి దిగితే బాష్‌చార్షియా, పాత బజారు. మధ్యలో చెక్కతో కట్టిన ఒక నీళ్ళ మండపం, దాని పేరు సెబీల్. మొహర్రంలో మనం షర్బత్ పోసే సబీల్ అదే మాట. ఆ నీళ్ళు తాగినవాళ్ళు మళ్ళీ ఆ ఊరికి వస్తారని అక్కడివాళ్ళు అంటారు. మా భాంజీ రెండు దోసిళ్ళు తాగింది. అబ్బాయి కడుపు పాడవుతుందేమోనని మూతి తుడుచుకుని ఊరుకున్నాడట.

అక్కణ్ణుంచి గాజీ హుస్రెవ్ బేగ్ మస్జిద్ వైపు. హుస్రెవ్ అంటే మన ఖుస్రో. 1531 నాటి మస్జిద్. పక్కనే గడియారం బురుజు. అక్కడ దామాద్ మియాకు తల తిరిగింది. ఫోన్‌లో పొద్దున పది. చేతి గడియారం ఇంకా మన టైమ్ మీదే ఉంది, ఒంటిగంటన్నర. బురుజు మీద చూస్తే రెండు. హైదరాబాద్‌లో అందరికీ దారి చెప్పే మనిషి, ఇంట్లో ఏ ఫ్యాను బాగుచేయాలన్నా పిలిచే మనిషి, మూడు గడియారాల మధ్య నోరు తెరుచుకుని నిలబడ్డాడట. "ఉనోంకు పహ్‌లీ బార్ వైసా దేఖీ మై" అంది మా భాంజీ. ఆయన్ను అట్లా చూడటం అదే మొదటిసారి. మస్జిద్ సహెన్‌లో కూర్చున్న ఒక ముసలాయన నవ్వి, పడమటి కొండ వైపు చెయ్యి చూపించి, అరచెయ్యి కిందికి దించి, తర్వాత వేళ్ళతో పన్నెండు లెక్కపెట్టాడట. ఏమీ అర్థం కాలేదు. షుక్రియా చెప్పి వచ్చేశారు.

ఆకలేసి బురెక్ దుకాణంలో దూరారు. బురెక్ అంటే పల్చటి పిండిపొరలో ఖీమా చుట్టి, ఇనప మూత మీద నిప్పులు పోసి కాలుస్తారు. మన దమ్ లాగే. మా భాంజీ జున్ను బురెక్ కావాలంది. దుకాణదారు మొహం ఎర్రబడింది. బురెక్ అంటే మాంసమే, జున్నుది సిర్నిత్సా, ఆలుగడ్డది క్రొంపిరుషా, అన్నిటినీ బురెక్ అనకూడదని చేతులూపి మరీ చెప్పాడట. వెజ్ బిర్యానీ అన్నప్పుడు మన మామూలు, చిచ్చాలు ఎట్లా లేస్తారో అట్లా. డబ్బు ఇయ్యబోతే అబ్బాయి దగ్గర యూరోలే ఉన్నాయి, అక్కడ నడిచేది మార్కులు. తలగోక్కుంటుంటే ఈ పిల్ల పర్సులోంచి మార్కులు తీసి ఇచ్చింది. రాత్రి విమానాశ్రయంలోనే మార్చి పెట్టుకుందట. "బోలీ కైకు నై?" అని అడిగాడట. "ఆప్ పూఛే కైకు నై?" అని ఈమె. చెప్పలేదేం అంటే, అడగలేదేం అని.

చూడండి, ఇది చిన్న సంగతే. కానీ షాదీ అయిన మూడు వారాల్లో టోలీచౌకీ ఇంట్లో ఈ మాట ఆమె నోటినుంచి రాగలిగేదా? అక్కడ ఆమెకు పంచదార డబ్బా ఎక్కడుందో తెలీదు. గట్టిగా నవ్వచ్చో లేదో తెలీదు. సస్రా వస్తే ఏ కుర్చీలోంచి లేవాలో తెలీదు. అబ్బాయికి అన్నీ తెలుసు, పుట్టిన ఇల్లు కాబట్టి. సుస్రాల్‌లో అజ్నబీ ఒక్కరే ఉంటారు, అది ఎప్పుడూ ఆడపిల్లే. ఆమె నేర్చుకుంటుంటే మిగతావాళ్ళు మార్కులు వేస్తుంటారు. తెలియని ఊరికి పోతే మొగుడు కూడా అజ్నబీ అవుతాడు. వాడికీ దారి తెలీదు, భాష తెలీదు, టైమ్ ఎంతో కూడా తెలీదు. నేను హనీమూన్ కావాలని ఇప్పుడు వాదిస్తున్నది ఈ ఒక్క కారణంతోనే. మంచు కొండల ముందు ఫోటోల కోసం కాదు.

భాష తెలీదన్నాను గానీ, అదీ పూర్తిగా నిజం కాదు. ఉస్మానీ తుర్కులు నాలుగు వందల ఏళ్ళు పాలించిన ఊరు. సరాయేవో అన్న పేరులోనే సరాయ్ ఉంది. తుర్కీలో దానికి మహల్ అని అర్థం, మన ఉర్దూలో ముసాఫిర్‌ఖానా. చార్షియా అంటే చార్ సూ, నాలుగు దిక్కులు. జెప్ అంటే జేబు, సపున్ అంటే సబ్బు, చాయ్ అంటే చాయే, షెచెర్ అంటే షకర్. కాఫీ తాగే చిన్న కప్పు ఫిల్జాన్, మన ఫింజాన్. విరహం పాటల్ని సెవ్‌దాలింకా అంటారు, అందులో ఉన్నది మన సౌదా, మీర్ జమానాలో ఒక షాయర్ తఖల్లుస్‌గా పెట్టుకున్న అదే లఫ్జ్. ఇవన్నీ నేను ఫెహ్రిస్త్‌లో రాయలేదు. వాళ్ళే దుకాణాల బోర్డులు చూస్తూ, పందెం వేసుకుని ఏరుకొచ్చారు. పదకొండు లఫ్జులు ఆమె, ఏడు అతను. ఓడినవాడు కాఫీ పోయించాలి. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఇంతకంటే మంచి తోఫా ఏం తెస్తారు? అయినా ఒక తోఫా తెచ్చారు. రాగి పనివాళ్ళ గల్లీలో తూటా గొట్టాలతో కలాలు చేసి అమ్ముతారు. ఒకటి నాకు. ఇంకా దానితో ఏమీ రాయలేదు.

జుహర్ మస్జిద్‌లో. అక్కడ ఆడవాళ్ళకు కూడా చోటుంది. మా మహల్లా మస్జిద్‌లో లేదు. దాని సంగతి ఇంకోసారి రాస్తాను, రాయాల్సింది చాలా ఉంది.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. జుహర్ తర్వాత, మామూ బాధపడతాడని, నా ఫెహ్రిస్త్‌లోని నేషనల్ మ్యూజియంకు బయల్దేరారు పాపం. ట్రామ్ ఎక్కారు. ఎక్కిన ఐదు నిమిషాలకు అబ్బాయివాళ్ళమ్మ వీడియో కాల్. ఆ రోజుకు అది నాలుగోది. ఆమె చెడ్డ మనిషి కాదు. చాలా మొహబ్బత్ ఉన్న మనిషి. ఆ మొహబ్బత్‌తోనే అంది, "ఒక్క ఏడాదే కదా బేటీ, తర్వాత నువ్వు ఇంట్లోనే ఉంటావు, రోజంతా మనమిద్దరం కబుర్లు చెప్పుకోవచ్చు."

ఫోన్ పెట్టేశాక మా భాంజీ అడిగింది. "ఏక్ సాల్ కా క్యా ఖిస్సా హై?"

రిష్తా మాటలప్పుడు, అమ్మాయి ఏడాది తర్వాత నౌక్రీ మానేస్తుందని అబ్బాయి వాళ్ళమ్మతో అన్నాడు. అమ్మాయిని అడగలేదు. ఇంట్లో అప్పటికి గొడవ సర్దుమణగాలని అన్నాడు, తర్వాత చూసుకుందాం అనుకున్నాడు. మనలో ఎంతమందిమి ఇట్లా అనలేదు? మా భాంజీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్ళుగా చేస్తోంది. నంద్యాలలో నాన్న లేని ఇంటిని ఆ నౌక్రీయే నడిపింది.

మ్యూజియం స్టాపు ఎప్పుడు పోయిందో చూడలేదు. ట్రామ్ ఊరు దాటి చివరికంటా పోయి ఆగింది. అందరూ దిగారు, వీళ్ళూ దిగారు. ఆ జాగా పేరు ఇలిజా. అక్కణ్ణుంచి బోస్నా నది పుట్టే ఊట దాకా మూడు కిలోమీటర్ల పైన తిన్నటి బాట, రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు, గుర్రపు బగ్గీలు. మన టాంగాల వంటివి. నా ఫెహ్రిస్త్‌లో అది లేదు.

ఆ బాట మీద, ఒక బెంచీ దగ్గర, వాళ్ళ షాదీలో మొదటి ఝగ్డా జరిగింది. "ఘర్ జాకే బాత్ కరేంగే" అన్నాడు అబ్బాయి, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందామని. దానికి ఆమె అన్న మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. "ఘర్ మే కౌన్‌సే కమ్రే మే?"

ఇంట్లో ఏ గదిలో? మీ ఇల్లు తలుచుకోండి. మా ఇల్లూ తలుచుకుంటున్నాను. కొత్త దంపతుల గది పక్కన ఎవరి గది ఉంటుంది? గోడకు అవతల ఎవరు దగ్గుతుంటారు? తలుపు మూసి అరగంట దాటితే వంటింట్లో ఎవరు గిన్నెలు గట్టిగా పెడతారు? మన ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం గొంతెత్తకుండా కొట్లాడటం నేర్చుకుంటారు. అట్లా కొట్లాడితే ఏదీ తేలదు. మాట సగంలో మింగేసి బయటికొచ్చి అందరి ముందూ చాయ్ పోయాలి. ముప్ఫై ఏళ్ళు అట్లా గడిపిన ఆడవాళ్ళు నాకు డజన్ల మంది తెలుసు.

ఇలిజాలో గొంతెత్తారు. పూర్తి దక్కనీలో. పక్కన పోయేవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. ఒక బగ్గీవాలా మాత్రం అర్థమైనట్టు తల ఊపి, ఎక్కుతారా అని సైగ చేశాడట. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆమె చెప్పకుండానే అబ్బాయి ఆఫ్ చేశాడు. రెండు గంటలు. నది ఊట దాకా నడిచారు, తిరిగి నడిచారు. అతను తప్పు ఒప్పుకున్నాడు. వాళ్ళమ్మకు తనే చెప్తానన్నాడు. ఆమె నౌక్రీ సంగతి తేల్చేది ఆమేనని. తను కూడా ఒకటి చెప్పాడు. వాళ్ళబ్బా దుకాణం అప్పుల్లో ఉందట, ఆ లెక్క అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. అది విని ఆమెకు మళ్ళీ కోపం వచ్చింది, అదింకో ఝగ్డా.

ట్రామ్‌లో వెనక్కి వచ్చి బాష్‌చార్షియాలో దిగేసరికి రాత్రి ఎనిమిది కావస్తోంది. మేలో అక్కడ పొద్దు అప్పుడు వాలుతుంది. మస్జిద్ దగ్గరికి రాగానే మగ్రిబ్ అజాన్. తలెత్తి చూస్తే బురుజు మీద సరిగ్గా పన్నెండు. అప్పుడు అర్థమైందట పొద్దున ముసలాయన ఏం చెప్పాడో. ఆ గడియారం పాత ఇస్లామీ లెక్కలో నడుస్తుంది. సూర్యుడు దిగేటప్పుడు పన్నెండు కొడుతుంది, రోజు అక్కడ మొదలవుతుంది. పొద్దు మారుతున్నకొద్దీ మనిషి వెళ్ళి చేత్తో సరిచేస్తుంటాడు. ఇద్దరూ అక్కడే నిలబడి నవ్వుకున్నారట, తర్వాత చెవాపి తిన్నారు. చెవాపి అంటే కబాబే, ఉల్లిపాయలతో, వేడి రొట్టెలో. అతను పది, ఆమె పది. ఇంట్లో సాస్ ముందు ఆమె రెండు కబాబుల మీద తిన్నది లేదు.

హైదరాబాద్ రాగానే అబ్బాయి మాట నిలబెట్టుకున్నాడు. వాళ్ళమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది, ముభావంగా. ఏమవుతుందో అల్లాహ్‌కు ఎరుక. కానీ సంగతి బయటపడింది, ఏడాది తర్వాత బాంబులా పేలాల్సింది మూడో వారంలోనే బయటపడింది.

నాకు తెలుసు, కొందరు అంటారు: సరాయేవో టికెట్లు కొనగలిగినవాళ్ళకే కదా ఇదంతా అని. సరాయేవోనే కానక్కర్లేదు. ఊటీ అయినా సరే, బీదర్ అయినా సరే. అబ్బాయికి ముందే తెలిసిన ఊరు మాత్రం వద్దు, వాడి మేనమామ ఉన్న ఊరు అసలే వద్దు. వలీమాలో రెండు వందల మందిని తగ్గిస్తే ఆ ఖర్చు వెళ్ళిపోతుంది. జోడే కీ రఖమ్ అడగడానికి నోరొచ్చిన ఇళ్ళల్లో, రెండు ట్రెయిన్ టికెట్లకు డబ్బు లేదంటే నేను నమ్మను. ఇంకొకటి, సాస్‌లకూ అమ్మలకూ, నా వంటి మామూలకూ చెప్తున్నాను. మొదటి రోజు ఫోన్ చేయకండి. ఫెహ్రిస్తులు పంపకండి. ఖైరియత్‌గా చేరామని ఒక మెసేజ్ వస్తే చాలు.

ఆ రాత్రి పిల్లలు వెళ్ళిపోయాక మా బేగం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా షాదీ అయిన వారానికి మేమూ ఒక ప్రయాణం చేశాం. గుల్బర్గా, బందే నవాజ్ దర్గాకు. మాతోపాటు అమ్మీ, ఇద్దరు చెల్లెళ్ళు, ఫుప్పు, నాలుగు ఖానాల టిఫిన్ డబ్బా. నాకు అది మంచి యాద్‌గానే ఉండిపోయింది. ఆమెను ఎప్పుడూ అడగలేదు.

"మనిద్దరం మొదటిసారి ఒంటరిగా నడిచింది ఎక్కడో యాద్ ఉందా?" అంది.

నాకు గుర్తు రాలేదు.

"మీ అబ్బాను ఆస్పత్రిలో పెట్టినప్పుడు. మందుల దుకాణం దాకా, వరండాలో. మన షాదీ అయి పద్నాలుగు నెలలు. ఆ రోజు మీరు ఏడ్చారు. అప్పటిదాకా మీకు ఏడవడం వచ్చని నాకు తెలీదు."

నేనేం చెప్పను? కాసేపాగి, మనం కూడా ఎక్కడికైనా పోదామా అన్నాను. శ్రీశైలం అన్నాను, గండికోట అన్నాను, విశాఖ అన్నాను. ఏ పేరు చెప్పినా తల అడ్డంగా ఊపింది. ఇరవై ఏళ్ళ రిపోర్టర్ ఉద్యోగంలో రెండు రాష్ట్రాల్లో నేను తిరగని ఊరు లేదు, అదే ఆమె గొడవ.

"మీకు తెలిసిన ఊరు నాకెందుకు?" అంది. "మీరు దారి తప్పాలి. నేను చూడాలి."

వారం నుంచి మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను.